మనిషికి 22 గుంటలు, మనిషికి 70 ఎకరాలు

(భారత్, ఆస్ట్రేలియా దేశాల భూముల లెక్కపై పెన్‌పహాడ్‌లో జరిగిన మండల రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. ఇల్లంత మిషన్ పత్తి చేలో పోతుంటుంది. లోపల ఏసీలో ఒక్క మనిషి కూర్చుని ఉంటాడు. వెనక నుంచి గుండ్రటి పత్తి మూట కవరు చుట్టుకుని కింద పడుతుంది. మన ఊర్ల పిల్లలు కొందరు సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్నారు కదా, వాళ్ళు పంపుతుంటారు. కింద ఒక మాట కూడా రాస్తారు: "నాన్నా, వ్యవసాయం అంటే ఇట్లా ఉండాలి." పిల్లల మీద నాకు కోపం లేదు. ఇదే మాట అధికారులు, పెద్ద పెద్ద చదువులు చదివిన నిపుణులు కూడా చెబుతున్నారు. ఆస్ట్రేలియాలో ఎకరానికి పాతిక క్వింటాళ్ళ పత్తి పండుతుంది, మీకు ఏడెనిమిది దాటదు, లోపం మీలోనే ఉంది అంటున్నారు. అందుకని ఈ రోజు ఆ దేశం ఎంత, మన దేశం ఎంత, ఏ భూమిలో ఏం జరుగుతోంది అన్నది కాస్త విడమరిచి మాట్లాడుకుందాం. లెక్కలు ఎక్కువ ఉంటాయి, ఓపిక పట్టండి.

మన దేశం విస్తీర్ణం దాదాపు 33 కోట్ల హెక్టార్లు. ఆస్ట్రేలియా దాదాపు 77 కోట్ల హెక్టార్లు. అంటే మనకు రెండింతలకు పైన. జనాభా చూస్తే మనం 140 కోట్లు దాటాం. వాళ్ళు 2 కోట్ల 70 లక్షలు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయేటప్పుడు మన తెలంగాణ జనాభాయే మూడున్నర కోట్లు, ఆ దేశం మొత్తం అంతకన్నా తక్కువ. దేశంలో ఉన్న భూమిని తలా ఇంత అని పంచితే ఆస్ట్రేలియాలో మనిషికి 70 ఎకరాలు వస్తుంది. మన దగ్గర 22 గుంటలు వస్తుంది. కొండలు, అడవులు, చెరువులు, రోడ్లు, ఊర్లు అన్నీ కలిపి 22 గుంటలు.

ఇక్కడిదాకా వింటే వాళ్ళది భూముల దేశం, మనది జనాల దేశం అనిపిస్తుంది. అసలు సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది. మన దేశంలో నికరంగా విత్తనం పడే భూమి 14 కోట్ల హెక్టార్లు. ఆస్ట్రేలియాలో పంటలు వేసే భూమి 3 కోట్ల హెక్టార్లకు అటూ ఇటూ. దేశం మనకన్నా రెండింతలు పెద్దది, సాగు భూమి మనలో నాలుగో వంతు కూడా లేదు. మిగతాదంతా ఏమైంది? సగానికి పైగా భూమి వ్యవసాయ భూమి కిందే రాసుకున్నారు గాని, అందులో అత్యధికం పశువులూ గొర్రెలూ మేసే బీడు. నడిమధ్య భాగం ఎడారి. పచ్చగా కనిపించేదంతా సముద్రం ఒడ్డున, తూర్పున, ఆగ్నేయాన, నైరుతి మూలన.

ఒక ఉదాహరణ చెబుతాను. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో అన్నా క్రీక్ అని ఒక పశువుల క్షేత్రం ఉంది. వాళ్ళు స్టేషన్ అంటారు, రైల్వే స్టేషన్ అనుకునేరు. దాని విస్తీర్ణం ఇప్పుడు సుమారు 15,700 చదరపు కిలోమీటర్లు. 2016లో ఒక ముక్క వేరు చేసి అమ్మకముందు 23 వేల పైనే ఉండేది. మన పాత నల్గొండ జిల్లా, అంటే సూర్యాపేట, నల్గొండ, భువనగిరి అంతా కలిపి 14 వేల పైచిలుకు చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లాలో 34 లక్షల 88 వేల మంది ఉన్నాం. అన్నా క్రీక్‌లో ఉండేది కొన్ని వేల పశువులు, వాటిని చూసుకునే కొద్దిమంది మనుషులు. ఏడాది మొత్తం కురిసే వాన 20 సెంటీమీటర్ల లోపు. మనకు దానికి మూడు నాలుగింతలు పడుతుంది, అయినా కరువంటాం. అక్కడ ఎకరాకు ఒక్క మేక కూడా బతకదు. కాబట్టి విస్తీర్ణం చూసి మోసపోవద్దు. భూమి విలువ నీళ్ళతోనే. ఈ మాట మూసీ కాలువ చివరి రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇంకో సంగతి. అన్నా క్రీక్‌ను ఎకరాల్లోకి మారిస్తే దాదాపు 39 లక్షలు. మన సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసిన పెద్దలందరూ రాశారు. అట్లాంటి దేశ్‌ముఖ్‌లు పాతిక మంది కలిస్తే ఒక అన్నా క్రీక్. మన దగ్గర 1946 నుంచి 51 దాకా గుత్పలు పట్టుకుని, తర్వాత తుపాకులు పట్టుకుని దొరల భూమి మీద కొట్లాడాం. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది, మాగాణి అయితే గరిష్ఠంగా 27 ఎకరాలు, మెట్ట అయితే 54 ఎకరాలు అన్నారు. ఎంత మిగులు భూమి తీశారు, ఎంత బినామీల కింద పోయింది అన్నది వేరే సభలో మాట్లాడుకోవాల్సిన ముచ్చట. కానీ భూమికి ఒక పరిమితి ఉండాలన్న మాట మన చట్టంలోకి ఎక్కింది. ఆస్ట్రేలియాలో మన మాదిరి భూపరిమితి చట్టం లేదు.

అయితే అక్కడా భూమి కోసం కొట్లాట జరిగింది. మన పత్రికల్లో దీని గురించి పెద్దగా రాయరు, అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను. 1788లో బ్రిటిష్ వాళ్ళు అక్కడ దిగారు. వేల ఏళ్ళుగా అక్కడ బతుకుతున్న ఆదివాసులను లెక్కలోకి తీసుకోకుండా, ఈ భూమి ఎవరిదీ కాదు అన్నట్టు ఆక్రమించుకున్నారు. ఆ భూములను పశువుల కంపెనీలకు లీజుకు ఇచ్చారు. ఆదివాసులు తమ భూమిలోనే తాము పశువుల కాపర్లయ్యారు. కూలి అంటే పిండి, చక్కెర, టీ పొడి, కాసిన్ని డబ్బులు. మన వెట్టికి అన్నదమ్ముడే. వేవ్ హిల్ అని ఒక క్షేత్రం, వెస్టీ అనే ఇంగ్లండ్ కంపెనీ చేతిలో ఉండేది. 1966 ఆగస్టులో అక్కడి గురింజీ తెగవాళ్ళు సుమారు 200 మంది, విన్సెంట్ లింగియారి అనే పెద్దమనిషి వెంట, పని వదిలి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మొదట అందరూ కూలి సమ్మె అనుకున్నారు. తర్వాత వాళ్ళు, మాకు కూలి పెంచడం కాదు, మా భూమి మాకు కావాలి అన్నారు. తొమ్మిదేళ్ళు అట్లాగే నిలబడ్డారు. 1975 ఆగస్టులో ఆ దేశ ప్రధాని గాఫ్ విట్లమ్ స్వయంగా వచ్చి, గుప్పెడు మట్టి తీసి లింగియారి అరచేతిలో పోశాడు. ఆ ఫొటో చూస్తే మన రైతుకు ఎవరికైనా గుండె తడుస్తుంది. ఎవరిదీ కాని భూమి అన్న వాదన తప్పని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పడానికి 1992 దాకా పట్టింది. దాన్ని మాబో తీర్పు అంటారు.

సరే, మళ్ళీ లెక్కలోకి వద్దాం. మన సాగు భూమిని జనాభాకు పంచితే మనిషికి పది గుంటలు కూడా పూర్తిగా రాదు. ఆస్ట్రేలియా పంట భూమిని పంచితే మనిషికి రెండున్నర ఎకరాల పైనే వస్తుంది. 2015-16 వ్యవసాయ కమతాల లెక్క ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అంటే మన దగ్గర ఒక రైతు కుటుంబం మొత్తం ఆధారపడే భూమి అక్కడ సిడ్నీలో బస్సు నడిపే మనిషి ఒక్కడి వాటాకు సమానం.

ఇక రైతుకు రైతు చూడండి. దేశంలో 14 కోట్ల 64 లక్షల కమతాలు. ఆస్ట్రేలియాలో వ్యవసాయ సంస్థలు 90 వేల లోపు. పశువుల క్షేత్రాలు కూడా కలిపితే సగటున ఒక్కోదాని కింద పదివేల ఎకరాలు. వాళ్ళ పంటలో దాదాపు 70 శాతం విదేశాలకు అమ్మడానికే. మన రైతు పండించేది ముందు దేశం తినడానికి. 1970 నుంచి ఇప్పటిదాకా మన నికర సాగు భూమి 14 కోట్ల హెక్టార్ల దగ్గరే నిలిచిపోయింది. అప్పుడు మన జనాభా 55 కోట్లు. అదే నేల మీద, రెండో పంట వేసి, బోర్లు వేసి, అప్పులు చేసి, అంతకు రెండున్నరింతల జనానికి తిండి పెడుతున్నాం. 2024 వానాకాలంలో ఒక్క తెలంగాణలోనే 66 లక్షల పైచిలుకు ఎకరాల్లో కోటిన్నర టన్నుల వడ్లు పండాయి. ఆస్ట్రేలియాలో నీళ్ళు బాగున్న ఏడాది మొత్తం దేశంలో పండే వడ్లు ఏడెనిమిది లక్షల టన్నులు. కరువొచ్చిన 2007-08లో 20 వేల టన్నులు కూడా పండలేదు. డెనిలిక్విన్ అనే ఊర్లో దక్షిణార్ధగోళంలోనే పెద్దదని పేరున్న రైస్ మిల్లు మూతపడింది. మన మిర్యాలగూడ మిల్లుల ముందు చింట్లు, హెచ్‌ఎంటీల ట్రాక్టర్లు టోకెన్ల కోసం బారులు తీరితే మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. అయితే అంత సరుకు మనం పండిస్తున్నామన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వాళ్ళ ఎకరా దిగుబడి ఎక్కువ, అందులో అబద్ధం లేదు. వడ్లలో ఎకరాకు 40 క్వింటాళ్ళు తీస్తారు, ఏడాదికి ఒకే పంట, బాగా విశ్రాంతి తీసుకున్న నేల. పత్తిలో పాతిక క్వింటాళ్ళు అన్నారు కదా, అది నీళ్ళు పెట్టి పండించే పత్తి. మన తుంగతుర్తి, ఆత్మకూరు వైపు చెలకల్లో వేసే పత్తికి నీళ్ళు పైనుంచి పడాల్సిందే. వాళ్ళ నీళ్ళు ఎట్లా ఉంటాయో చూడండి. క్వీన్స్‌లాండ్‌లో కబ్బీ స్టేషన్ అని ఒక పత్తి క్షేత్రం ఉంది. ఆ ఒక్క క్షేత్రంలో నీళ్ళు నిల్వ చేసే కట్టల సామర్థ్యం మన లెక్కలో 19 టీఎంసీలు. మన మూసీ ప్రాజెక్టు సామర్థ్యం 4.46 టీఎంసీలు. నాలుగు మూసీలు ఒక్క పత్తి యజమాని చేతిలో! దేశం మొత్తంలో పత్తి క్షేత్రాలు ఒకటిన్నర వేలకు మించవు. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాల పైనే పత్తి వేస్తున్నాం, అది ఎన్ని లక్షల ఇళ్ళ బతుకో మీకు తెలుసు. అంత నీళ్ళున్న కబ్బీ కూడా కరువు దెబ్బకు, అప్పుల దెబ్బకు 2009లో చేతులెత్తేసింది. 2012లో దాన్ని చైనా కంపెనీ ముందుండి నడిపిన బృందానికి అమ్మడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ దేశంలో నీళ్ళ హక్కును భూమి నుంచి విడదీశారు. భూమి ఒకరిది, నీళ్ళు ఇంకొకరివి. నీళ్ళు షేర్ల మాదిరిగా అమ్ముకుంటారు, కొనుక్కుంటారు. గుంటెడు భూమి లేని పెట్టుబడిదారుడు కూడా నీళ్ళు కొని పెట్టుకుని, కరువు ఏడాదిలో పదింతల ధరకు అమ్ముకోవచ్చు. ముర్రే-డార్లింగ్ అనే వాళ్ళ పెద్ద నదీ ప్రాంతంలో ఇదే జరుగుతోంది. 2018 చివర, 2019 మొదట్లో మెనిండీ దగ్గర డార్లింగ్ నదిలో లక్షల చేపలు తెల్లగా తేలి చచ్చిపోయాయి. కరువు ఒక కారణం, పైన పత్తికి నీళ్ళు విపరీతంగా తోడుకోవడం ఇంకో కారణం అని ఆ దేశ శాస్త్రవేత్తలే చెప్పారు. రేపు మన దగ్గర కూడా నీటి మార్కెట్ అని ఎవరైనా తియ్యగా మాట్లాడితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. కాలువ తూము దగ్గర చివరి రైతు, పై రైతు కొట్లాడుకుంటారు నిజమే. కానీ ఆ నీళ్ళను హైదరాబాద్‌లో కూర్చున్న ఎవడో కొని పెట్టుకోలేదు కదా.

అక్కడి రైతు సుఖంగా ఉన్నాడా అంటే, చిన్న రైతు అక్కడ మిగలలేదు. వాళ్ళకూ ఒకప్పుడు కనీస ధరలు, మార్కెటింగ్ బోర్డులు ఉండేవి. ఉన్నికి కనీస ధర ఉండేది. ధర పెంచుతూ పోయారు, గొర్రెలు 17 కోట్లు దాటాయి, కొనేవాళ్ళు తగ్గారు, గోదాముల్లో 47 లక్షల బేళ్ళ ఉన్ని పేరుకుపోయింది. 1991 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒక్కసారిగా చేతులు దులుపుకుంది. లక్షల గొర్రెలను కాల్చి గుంటల్లో పూడ్చారు. మద్దతు ధర అడిగే మనం దీన్ని దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. ధర ప్రకటించి సరుకు కొనడంతో పని అయిపోదు, దాన్ని ప్రజలకు పంచే దారి, అమ్మే దారి కూడా ఉండాలి. మన దగ్గర రేషన్ షాపు ఉంది, హాస్టళ్ళు ఉన్నాయి, మధ్యాహ్న భోజనం ఉంది. వాళ్ళ ఉన్నికి అవి లేవు. అదే తేడా. 2000 జూలైలో పాల ధరల నియంత్రణ ఎత్తేశారు. అప్పుడు దాదాపు 13 వేల పాడి క్షేత్రాలు ఉంటే ఇప్పుడు అందులో మూడో వంతే మిగిలాయి. 2008లో గోధుమల ఎగుమతికి ఉన్న ఒకే బోర్డు పద్ధతి తీసేశారు. మన దగ్గర 2020లో మూడు చట్టాలు తెచ్చి ఇదే దారి పట్టబోయారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చుంటేనే 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు ఈ రెండు దేశాలను ఒకే బజార్లో నిలబెట్టిన ఒప్పందం సంగతి. భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం 2022 ఏప్రిల్ 2న కుదిరింది, ఆ ఏడాది డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉంది. పాలు, వడ్లు, గోధుమలు, శనగలు, చక్కెరను బయట ఉంచారు. అది రైతు ఉద్యమాల ఒత్తిడి వల్లే అని నా అభిప్రాయం. కానీ పత్తి ఏటా 51 వేల టన్నులు, అంటే మన లెక్కలో 3 లక్షల బేళ్ళు, సుంకం లేకుండా రావచ్చు. మసూర్ పప్పు లక్షన్నర టన్నుల దాకా సగం సుంకంతో రావచ్చు. నిజం చెప్పాలంటే 3 లక్షల బేళ్ళు మన దేశం పండించే దాంట్లో నూటికి ఒక వంతు. అదొక్కటే మనల్ని ముంచదు. ముంచింది తర్వాతి పని. 2021 బడ్జెట్‌లో పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కొన్ని నెలలు ఎత్తేశారు. మళ్ళీ 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, పది రోజులు తిరక్కముందే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి ఏరేది ఎప్పుడు? దసరా నుంచి సంక్రాంతి దాకా. సరిగ్గా మన పత్తి ఇల్లు చేరే రోజుల్లోనే అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా పత్తికి తలుపులు బార్లా తెరిచారు. ఆ ఏడాది పత్తి మద్దతు ధర పొడవు పింజకు 8,110 రూపాయలు అని కాగితం మీద ఉంది. మీరు ఎంతకు అమ్మారో మీకు తెలుసు. ఏరినందుకు కిలోకు పది, పదిహేను రూపాయలు కూలి ఇచ్చారో లేదో కూడా తెలుసు. ఇచ్చిన వాళ్ళను తప్పు పట్టడం లేదు, ఏరే అక్కలకు అది కూడా చాలదు.

పప్పుల సంగతి ఇంకా విచిత్రం. 2017 డిసెంబర్‌లో మన ప్రభుత్వం శనగల మీద, మసూర్ మీద 30 శాతం సుంకం వేసింది. ఆస్ట్రేలియా రైతులు లబోదిబోమన్నారు, విత్తనం తగ్గించుకున్నారు. 2024 మే నెలలో శనగల సుంకం ఎత్తేసింది. అక్కడ మళ్ళీ విస్తారంగా వేశారు. 2025 ఏప్రిల్ నుంచి మళ్ళీ 10 శాతం వేసింది. ఈ మాదిరిగా మీట నొక్కుతూ ఉంటే ఇక్కడి రైతూ నిలబడడు, అక్కడి రైతూ నిలబడడు. వ్యాపారి ఒక్కడే రెండు వైపులా నిలబడతాడు.

ఇంకొకటి. మన చెరకు రైతులకు ఇచ్చే ధర అన్యాయమని ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. 2021 డిసెంబర్‌లో మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది, మన ప్రభుత్వం అప్పీలు చేసింది. పదివేల ఎకరాల రైతు దేశం, రెండున్నర ఎకరాల రైతు దేశాన్ని, నువ్వు మీ రైతుకు ఎక్కువ ఇస్తున్నావు అని కోర్టుకు లాగింది. మద్దతు ధర ఎంత ఇవ్వొచ్చు అన్నది కూడా అక్కడ 1986-88 నాటి ధరలతో పోల్చి లెక్క కడతారు. అప్పుడు డీజిల్ ఎంత, ఇప్పుడు ఎంత!

సభలో ఒక తమ్ముడు చీటీ పంపాడు. "అయితే మనం కూడా భూములు కలిపి పెద్ద కమతాలు చేయాలా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పనిముట్లు కలిపి వాడుకుందాం, విత్తనం కలిపి కొందాం, పంట కలిపి అమ్ముదాం, సహకార సంఘం బలంగా ఉంటే ఇవన్నీ అవుతాయి. కానీ పట్టాలు కలిపి కంపెనీ చేతిలో పెట్టడం వేరు. దేశంలోని కమతాలన్నీ ఆస్ట్రేలియా సైజుకు పెంచాలంటే నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా బయటికి పోవాలి. ఎక్కడికి పోతారు? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పనులు కూడా అందరికీ దొరకవు. మనకు కావలసింది పత్తి ఏరే కాలంలో దిగుమతి సుంకం ఎత్తేయకపోవడం, ఖర్చు మీద సగం కలిపి ఇచ్చే మద్దతు ధరకు చట్టం, చెలకకు ఒక తడి నీళ్ళు. స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది, కొత్తగా మనం కనిపెట్టింది ఏమీ లేదు.

ఇంకో అక్క కౌలు రైతుల గురించి అడిగింది. ఈ లెక్కల్లో కౌలు రైతు ఎక్కడా కనబడడు. కమతం ఎవరిదో ఉంటుంది, దున్నేది ఇంకొకరు. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేలు పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2011 చట్టం కింద కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలి, ఆ చట్టం రద్దు కాలేదు, అమలూ కాలేదు.

అందుకని ఒక పని పెట్టుకుందాం. వచ్చే సమావేశానికి ప్రతి ఊరి కమిటీ తమ ఊరి భూమి లెక్క రాసుకుని రావాలి. ఎంత మాగాణి, ఎంత చెలక, ఎంత పడావు, పదేళ్ళలో హైవే వైపు ఎంత ప్లాట్లయింది, ఎంత కౌలులో ఉంది. భూభారతిలో ఉన్నది ఒకటి, నేల మీద ఉన్నది ఒకటి అయితే రెండూ రాయండి. తెల్ల కాగితం మీద రాసినా సరే, సర్వే నంబర్లు మాత్రం తప్పకుండా వేయండి.